ఐసు తీసేసి చెప్పండి

మొన్న శనివారం మోరంపూడి జంక్షన్లో ఎర్రలైటు పడితే కారు ఆపాను. ముందు చేపల వ్యాను. దాని వెనక తలుపు సందులోంచి ఐసు నీళ్ళు బొట్లు బొట్లుగా రోడ్డు మీద పడుతున్నాయి. ఆ వాసన తిన్నగా కారులోకి వచ్చేసింది. పక్కన కూర్చున్న ప్రసన్న చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని గబగబా అద్దం ఎక్కించబోయింది. ప్రసన్న మా స్కూల్లో కొత్తగా చేరిన లెక్కల టీచరు. మొదటి కారు కొనుక్కుంటోంది, షోరూంకి నన్ను తోడు రమ్మంది. కాసేపు అద్దం దించే ఉంచమన్నాను. ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. చూడదూ మరి, చేపల ఐసు నీళ్ళ వాసన కావాలని పీల్చేవాళ్ళు ఎవరుంటారు? నేనుంటాను. ఆ వాసన తగిలిందంటే నాకు లోవమ్మత్త పక్కన కూర్చున్నట్టే ఉంటుంది.

మాది రాజమండ్రిలో గోదారి గట్టు మీద జాలర్ల వీధి. మా నాన్న పడవ మీద వేటకెళ్ళేవాడు. పక్కిల్లు లోవమ్మత్తది. వరసకి ఏమీ కాదు, పిలుపుకి అత్త. కాకినాడ నుంచి పొద్దున్నే లారీలో ఐసు వేసిన బుట్టల్లో సముద్రపు చేప వచ్చేది. దాన్ని వేలంపాటలో కొని, సత్తు పళ్ళెంలో పెట్టుకుని, ఊళ్ళోకి తీసుకెళ్ళి అమ్మేది. ఆవిడ పాట పాడే పద్ధతి వేరు. మిగతావాళ్ళు బుట్ట దిగీ దిగగానే రేటు అరిచేవాళ్ళు. ఈవిడ నోరు విప్పేది కాదు. బుట్ట బోర్లించి, ఐసు దులిపి, ఖాళీ బుట్ట కూడా కాటా మీద పెట్టి తూచేదాకా రాయిలా నిలబడేది. పాట పెట్టేవాడికి ఒళ్ళు మండేది. ఇంత చాదస్తం ఏంటని విసుక్కునేవాడు. "నేను కొనేది చేపనండి. ఐసుకీ బుట్టకీ డబ్బులు నేనెందుకియ్యాలి? ఐసు తీసేసి చెప్పండి" అనేది. కోపంగా కాదు, చాలా మర్యాదగా. అక్షరం ముక్క రాదు. అయినా ఆవిణ్ణి తూకంలో మోసం చేసినవాడు మా గట్టు మీద లేడు.

నా సంగతి కూడా ఒకటి చెప్పాలి. రెండేళ్ళప్పుడు పోలియో వచ్చి నా ఎడమకాలు చచ్చుబడిపోయింది. ఇనప కాలిపర్ కట్టుకుని నడుస్తాను. కూర్చున్నప్పుడు మోకాలి దగ్గర లాకు తియ్యాలి, లేచేటప్పుడు వేసుకోవాలి. వేసుకున్నప్పుడల్లా అది టక్కుమంటుంది. ఆ చప్పుడుకి గదిలో ఉన్నవాళ్ళందరూ ఇటు తిరుగుతారు, వెంటనే చూడనట్టు మొహాలు తిప్పేసుకుంటారు. ఆ తిప్పుకోవడం చూస్తే నాకు చచ్చేంత సిగ్గు. లేవాల్సి వస్తుందని, నలుగురూ చూస్తారని, ఎన్నిచోట్ల కూర్చున్న చోటే కూర్చుని ఎదుటివాళ్ళు చెప్పినదానికల్లా సరేనన్నానో లెక్కలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నాకు కొవ్వూరు అవతల ఒక పల్లెటూరి హైస్కూల్లో తెలుగు టీచరుగా పోస్టింగు వచ్చింది. బ్రిడ్జి దాటి బస్సులో వెళ్ళాలి. నేను రెండో కాలు కింద పెట్టేలోపే కండక్టరు రైట్ రైట్ అనేవాడు. ఒకరోజు అలాగే పడ్డాను. మోచెయ్యి చిట్లి పదిహేను రోజులు ఇంట్లో ఉండిపోయాను. తిరిగి డ్యూటీలో చేరేసరికి, పైఆఫీసులో ఒక పెద్దమనిషి ఎంతో ప్రేమగా, నీకెందుకమ్మా ఈ తిరుగుడు, ఆఫీసుకి మార్పిస్తాను, ఫైళ్ళు చూసుకుందువుగాని అన్నారు. ఆ ప్రేమకి నాకు ఏడుపొచ్చింది. పిల్లలకి పద్యం చెప్పడం తప్ప నాకు ఇంకేమీ ఇష్టం లేదు. సరిగ్గా అప్పుడే కాకినాడలో ఒక మెకానిక్ గురించి తెలిసింది. క్లచ్‌ని కాలితో తొక్కక్కర్లేకుండా చేత్తో పట్టుకునే లివరు అమరుస్తాడట. పద్దెనిమిది వేలు అవుతుందన్నాడు. బ్యాంకు లోను, పీఎఫ్ లోను కలిపితే నా చేతిలో ఉన్నది రెండు లక్షల అరవై వేలు. అందులో కారూ రావాలి, లివరుకి పద్దెనిమిది వేలూ మిగలాలి. మిగలకపోతే కారు వాకిట్లో ఉంటుంది, నేను ఆఫీసులో ఫైళ్ళ ముందు ఉంటాను.

షోరూంకి ఒక్కదాన్నే వెళ్ళాను. ఏసీ, కూల్‌డ్రింకు, మాటకి ముందొక మేడమ్ వెనకొక మేడమ్. సేల్స్ కుర్రాడు నవ్వుతూ మీ బడ్జెట్ ఎంత మేడమ్ అని అడిగాడు. నేను టీచర్ని కదా, ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా ఉండలేను. రెండు లక్షల అరవై అని చెప్పేశాను. బ్యాంకుది ఇంత, పీఎఫ్‌ది ఇంత అని విడమర్చి మరీ చెప్పాను. పావుగంటలో కొటేషన్ వేసి ఇచ్చాడు. రెండు లక్షల యాభై తొమ్మిది వేల నాలుగు వందలు. పైగా వచ్చేవారం రేటు పెరుగుతుంది, రేపే అడ్వాన్సు కట్టెయ్యమన్నాడు. గోడ మీద బోర్డులో రాసిన ధర ఇంతకంటే చాలా తక్కువ. అదేంటని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. సరేనని కాగితం మడిచి పట్టుకుని ఇంటికొచ్చేశాను.

సాయంత్రం అరుగు మీద ఆ కాగితం పట్టుకుని కూర్చుంటే లోవమ్మత్త వచ్చింది. ఏంటే అలా ఉన్నావ్ అంటే మొత్తం చెప్పాను. బడ్జెట్ అడిగితే చెప్పేశానన్న దగ్గర ఆవిడ ముక్కున వేలేసుకుంది.

"పాటలోకెళ్ళి రొంటి సంచి విప్పి చూపిత్తావంటే సత్తీ? ఇంకాడు బేరమెందుకు చేత్తాడు, నీ సంచి సైజుకి చేపని కోసి ఇచ్చాడు" అంది.

తర్వాత నా పక్కన కూర్చుని, ఒక్కో వరసా చదవమంది. కారు ధర. ఇది చేప అంది. రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్. ఇది గవర్నమెంటుది, దీని జోలికెళ్ళద్దు అంది. ఇన్సూరెన్సు. ఇది బయట దొరకదా అని అడిగింది. దొరుకుతుంది, మా స్కూల్లో సోషల్ మేష్టారి బావమరిది ఏజెంటే. హ్యాండ్లింగ్ చార్జీలు మూడున్నర వేలు. అంటే ఏంటే అంది. కారుని వాళ్ళ గొడౌన్లోంచి షోరూంకి తెచ్చినందుకు అన్నాను. "వాళ్ళ కొట్టుకి వాళ్ళు సరుకు తెచ్చుకుంటే మనమియ్యాలా? ఇది బుట్ట." సీటు కవర్లు, మ్యాట్లు, అడుగున వేసే రంగు, అన్నీ కలిపి ఏడు వేలు. నేనేమీ అడగలేదు, వాళ్ళే రాసేశారు. "ఇది ఐసు" అంది. ఇన్నేళ్ళు చదువుకున్న నాకు ఒక ముద్దలా కనిపించిన అంకెని, చదువురాని ఆ మనిషి పది నిమిషాల్లో విడదీసి చేప ఒకపక్క, ఐసు ఒకపక్క పెట్టేసింది. సిగ్గేసింది. సంతోషం కూడా వేసింది.

అప్పటికప్పుడు వెళ్దామని లేచాను. కూర్చోమంది. వచ్చేవారం ఆషాఢం వస్తుంది, అప్పుడెళ్దాం అంది. మా అమ్మ లోపల్నుంచి విని గుండె బాదుకుంది. ఆషాఢంలో బండి కొనేవాళ్ళని ఎక్కడైనా చూశామా అని. ఎవరూ కొనరు కాబట్టే వెళ్దామంటున్నాను వదినా అని లోవమ్మత్త. బేరం ఆషాఢంలో, బండి ఇంటికొచ్చేది శ్రావణంలో మొదటి శుక్రవారం. అమ్మవారికీ కోపం రాదు, షోరూం వాడికీ ఊపిరాడుతుంది అని సర్దిచెప్పింది. రేటు పెరుగుతుందన్నాడు కదా అని నేను గొణిగాను. పెరిగితే పెరగనీ, అప్పుడు చూసుకుందాం అంది. మళ్ళీ షోరూంకి వెళ్ళేదాకా రెండు వారాలు నాకు నిద్ర పట్టలేదు. రేటు పెరగలేదు.

ఆషాఢంలో షోరూం బోసిపోయి ఉంది. సేల్స్ కుర్రాడు ఈగలు తోలుకుంటున్నాడు. లోవమ్మత్త ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది, ఎడమచెయ్యి మాత్రం నడుం మీంచి తియ్యడం లేదు. కడుపునొప్పేమో అనుకున్నాను. అద్దాల గదిలో కూర్చోదే. సరుకు చూడాలి బాబుగారూ అని వెనక యార్డులోకి దారి తీసింది. చేప మొప్ప ఎత్తి చూసినట్టు ఒక్కో కారూ చూసుకుంటూ వెళ్ళి, గోడ వారగా ఉన్న ఆకుపచ్చ కారు దగ్గర ఆగింది. దాని చక్రాల కింద గడ్డి మొలిచింది. ఇదెప్పుడొచ్చిందండి అంది. కుర్రాడు తడబడ్డాడు. కాగితాలు తీయించి చూస్తే కిందటేడు చివర్లో తయారైంది. ఆ రంగు ఎవరూ అడగలేదట. నాకు మాత్రం చూడగానే నచ్చేసింది. అదే బయటికి అనబోతుంటే లోవమ్మత్త నా చెయ్యి గిల్లింది. నెమ్మదిగా నా చెవిలో, "చేపయితే పారేద్దుం. ఇనుము కుళ్ళదు. కానీ వాళ్ళకి రోజూ వడ్డీ కుళ్ళిపోతా ఉంటది" అంది.

మేనేజరు గదిలో కూర్చున్నాం. ఆయన మంచివాడే, పెద్దమనిషి. ఎంతకి అనుకుంటున్నారమ్మా అన్నాడు. లోవమ్మత్త అదే మర్యాదతో, "ముందు ఐసు తీసేసి చెప్పండి బాబుగారూ, తర్వాత మాట్లాడుకుందాం" అంది. ఆయనకి అర్థం కాలేదు. నేను కాగితం ముందు పెట్టి, ఒక్కో వరసా చూపించి చెప్పాను. కవర్లు వద్దు. హ్యాండ్లింగ్ ఇవ్వను. ఇన్సూరెన్సు బయట చేయించుకుంటాను, ఆ ఖర్చు కూడా కలిపే లెక్క చూసుకుంటున్నాను. ఆయన కొంచెం నవ్వి అవన్నీ కొట్టేశాడు. పాత బండి కాబట్టి ఇంకొంచెం తగ్గించి, అన్నీ కలిపి రెండు నలభై ఆరు దగ్గర ఆగాడు. ఇంక నావల్ల కాదమ్మా అన్నాడు. రెండు నలభై ఆరు అంటే లివరుకి పద్నాలుగు వేలే మిగులుతాయి. నేను లోవమ్మత్త వైపు చూశాను. ఆవిడ తాపీగా లేచింది.

"నాకు దాహమేత్తంది, మంచినీళ్ళు తాగొత్తాను. నువ్వు మాట్లాడు" అని బయటికి వెళ్ళిపోయింది.

ఒళ్ళు మండిపోయింది నాకు. ఇదేనా దాహమేసే టైము? రెండు నలభై ఒకటి అయితే తీసుకుంటానండి, లేకపోతే లేదు అన్నాను. ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇక లేవాలి. లేచి వెళ్ళిపోవాలి. వంగి లాకు వేసుకున్నాను. టక్కుమంది. సేల్స్ కుర్రాడు మొహం తిప్పుకున్నాడు. జీవితంలో మొదటిసారి నాకు తొందర లేదనిపించింది. ఎవరు చూస్తే నాకేంటి? నమస్కారం పెట్టి, తలుపు వైపు నడిచాను. నా నడక నెమ్మది. దానివల్ల పాపం ఆయనకి ఆలోచించుకోవడానికి బోలెడంత వ్యవధి దొరికింది. తలుపు మీద చెయ్యి వేసేసరికి వెనక నుంచి, "ఉండండి టీచరుగారూ" అన్నాడు.

ఇంకో వెయ్యి తగ్గేవాడేమో అడగాల్సింది అని తిరుగుదారిలో నేనే అన్నాను, గెలిచిన మత్తులో. లోవమ్మత్త కసిరింది. ఐసు మీద లాభం తీసేశాం, చేప మీద లాభం ఉంచాలి, ఆళ్ళకీ పిల్లలుంటారు అంది. శ్రావణ శుక్రవారం కారొచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి మా అమ్మ ఆషాఢాన్ని క్షమించింది. కాకినాడ మెకానిక్ లివరు బిగించి, పదిహేను రోజులు దగ్గరుండి నేర్పాడు. మొదటిసారి నేనే నడుపుకుంటూ స్కూలుకి బయల్దేరిన రోజు, లోవమ్మత్త చేపల పళ్ళెంతో వీధి చివర కనిపించింది. ఎక్కమంటే ససేమిరా అంది, కొత్త సీట్లకి వాసన పట్టేస్తుందని. నేను ఇంజను ఆపేసి, నువ్వు ఎక్కేదాకా కదలనన్నాను. వెనక గోనెసంచి పరిచి పళ్ళెం పెట్టాం. ఊళ్ళో దింపేదాకా ఆవిడ నా చెయ్యి లివరు మీద ఎలా కదులుతుందో చూస్తూనే ఉంది. ఆ వాసన నెల్లాళ్ళు పోలేదు. నేనూ పోగొట్టే ప్రయత్నం చెయ్యలేదు.

ఆఫీసు ఫైళ్ళ జోలికి నేను మళ్ళీ వెళ్ళలేదు. ఆ ఆకుపచ్చ కారు పద్నాలుగేళ్ళు నడిపాను. ఇప్పుడు నడుపుతున్నది దాని తర్వాతది. లోవమ్మత్త పోయి ఆరేళ్ళయింది. దినం అయిన మర్నాడు ఆవిడ కూతురు చిట్టి, గళ్ళ గుడ్డతో కుట్టిన, నడుం దగ్గర దోపుకునే రొంటి సంచి ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. నీకిమ్మని అమ్మ చెప్పింది అంది. ఎందుకో అర్థం కాక చూస్తుంటే అప్పుడు చెప్పింది. ఆ రోజు షోరూంకి లోవమ్మత్త చీటీ పాడిన డబ్బు ఈ సంచిలో పెట్టుకుని వచ్చిందట. పద్దెనిమిది వేలు. "సత్తి లేచి నిలబడితే సరే. నిలబడలేకపోతే పిల్ల బండి ఆగకూడదు కదా" అందట ఇంట్లో. తను బతికున్నంతకాలం నాకు చెప్పొద్దందట. ఆ చెయ్యి నడుం మీద ఎందుకుందో నాకు అప్పుడు తెలిసింది. సంచి మొహానికి ఆనించుకుని చిన్నపిల్లలా ఏడ్చాను.

మొన్న శనివారం ప్రసన్నకి కారు ఖర్చు పోగా వాళ్ళమ్మ కంటి ఆపరేషన్‌కి పాతికవేలు మిగలాలి. దారిలో అన్నీ చెప్పాను. బడ్జెట్ ఎంతని అడిగితే ముందు మీ ధర చెప్పండి అనమన్నాను. చక్కగానే అంది. ఒక్కో వరసా కొట్టించింది. చివరికి ఇంకో పదివేలు తగ్గాల్సిన దగ్గర బేరం ఆగిపోయింది. మేనేజరు ఇంక కుదరదన్నాడు. ప్రసన్న బెదురుగా నా వైపు చూసింది. నా హ్యాండ్‌బ్యాగులో గళ్ళ గుడ్డ సంచి ఉంది, అందులో ఏముందో ఆ పిల్లకి తెలియదు. నేను వంగి లాకు వేసుకున్నాను. టక్కుమంది. మంచినీళ్ళు తాగొస్తానని చెప్పి బయటికి వచ్చేశాను. కూలర్ దగ్గర గ్లాసు పట్టుకుని, గది వైపు వీపు పెట్టి నిలబడ్డాను. నాకు దాహం లేదు. వెనక కుర్చీ జరిగిన చప్పుడు వినబడేదాకా ఆ గ్లాసు కింద పెట్టలేదు.