హీటరు ఆపితే ఆగే కారు

ఎండలో కారు హీటరు ఫుల్లుగా పెట్టుకుని, సూటూ టైయూ వేసుకుని అమెరికా సిటిజన్‌షిప్ ప్రమాణానికి వెళ్ళినవాణ్ణి మీరెక్కడా చూసుండరు. టీ తాగుతూ చూడండి, నేనే.

నా ఎర్ర కారు తెలుసుగా. రెండే తలుపులు, లారీకి సరిపోయే ఇంజిను. పెట్రోలు కరువొచ్చి బంకుల ముందు జనం లైన్లు కడుతుంటే భయపడి మా ఆఫీసులో ఒకాయన చలికాలం మొదట్లో దాన్ని అమ్మేశాడు. నేను భయపడలేదు, కొన్నాను. "ఇగ్నిషన్ వైరింగ్ ఒరిజినల్ కాదు, నేనే మార్చాను, బ్రహ్మాండంగా ఉంటుంది," అన్నాడాయన. నిజమే, మా ఊరు నోవై మంచులో ఒక్కరోజు కూడా మొరాయించలేదు.

ఏప్రిల్‌లో మొదలైంది. పొద్దున చలిలో చక్కగా ఆఫీసుకి తీసుకెళ్తుంది. మధ్యాహ్నం ఎండెక్కాక బయటికి తీస్తే రోడ్డు మీద టక్కున ఆగిపోతుంది. సాయంత్రం చల్లబడ్డాక మళ్ళీ బుద్ధిగా స్టార్ట్ అవుతుంది. నేను ఎలక్ట్రికల్ ఇంజనీర్ని కదా, ప్లగ్గులకి నిప్పురవ్వనిచ్చే కాయిల్ వేడెక్కుతోందని తేల్చేశాను. కాయిల్ మార్చాను. అయినా ఆగింది. పాయింట్లు, ప్లగ్గులు మార్చాను. అయినా ఆగింది. డాష్‌బోర్డు కింద తల దూర్చి చూస్తే అన్నీ ఎర్ర వైర్లే. మెడ పట్టేసింది తప్ప ఏమీ తేలలేదు.

మా ఆవిడ సుభద్ర పక్కసీట్లోంచి ఇదంతా చూస్తూనే ఉంది. ఒకరోజు మెల్లిగా అంది.

"ఏమండీ, మీరు హీటరు ఆపినప్పుడల్లా కారు ఆగుతోంది."

"హీటరుకీ ఇంజినుకీ సంబంధం ఉండదు సుభద్రా."

"ఏమో, నాకు కనిపించింది చెప్పాను."

మే నెలలో మా ఇద్దరికీ ప్రమాణం రోజు వచ్చింది. డెట్రాయిట్ కోర్టులో, పది గంటలకి. మిస్సయితే మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో తెలీదు. చలిగా ఉందని హీటరు వేసుకునే బయల్దేరాం. సగం దూరం వెళ్ళేసరికి ఎండ దంచేస్తోంది. హీటరు ఆపాను. హైవే మీద కారు ఆగింది.

పక్కకి తోసి, కోటు విప్పి, ఇంజిను మీది హుడ్ ఎత్తి కాయిల్‌ని విసనకర్రతో విసిరినట్టు మా కాగితాల ఫైలుతో విసిరాను. లాభం లేదు. లారీలు హారన్ కొట్టుకుంటూ పోతున్నాయి. సుభద్ర పక్కసీట్లోంచి చెయ్యి చాపి హీటరు వేసింది. "ఇప్పుడు తిప్పండి."

తిప్పాను. స్టార్ట్ అయింది.

చెప్పానా అని ఆవిడ అనుంటేనే బావుండేది. మిగతా దారంతా అద్దాలు దించేసుకుని, కాళ్ళ మీద వేడిగాలి కొడుతుంటే వెళ్ళాం. తలుపులు మూస్తుండగా హాల్లోకి దూరాం. నా చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఆవిడ తిలకం ముక్కు మీదకి జారింది. గుమ్మం దగ్గర క్లర్కు నా చెమట చూసి, ప్రమాణమంటే భయమనుకుని, "రిలాక్స్ సర్, ఇట్స్ ఎ షార్ట్ ఓత్," అని భుజం తట్టాడు.

శనివారం మొత్తం విప్పాను. నాకు కారు అమ్మిన మహానుభావుడు కాయిల్‌కి కరెంటు హీటరు స్విచ్ నుంచి లాగాడు. ఆ వైరు కత్తిరించి, పక్కనే ఉన్న ఇంకో ఎర్ర వైరుకి కలిపాను. హీటరు ఆపాను. ఇంజిను హాయిగా నడుస్తోంది. సుభద్రని పిలిచి చూపించాను.

"బావుంది. ఇక ఆపండి."

తాళం తిప్పాను. బయటికి తీశాను. జేబులో కూడా వేసుకున్నాను. ఇంజిను నడుస్తూనే ఉంది. నేను కలిపిన వైరులో తాళంతో పన్లేకుండా ఎప్పుడూ కరెంటు ఉంటుందట.

మళ్ళీ డాష్ కిందికి దూరే ఓపిక లేదండీ. ఆపాలంటే హుడ్ ఎత్తి, కాయిల్ వైరు పీకుతున్నాను. రోజూ పొద్దున ఆఫీసు పార్కింగ్ లాట్‌లో టై భుజం మీదకి వేసుకుని ఆ పనే. కిటికీల్లోంచి అందరూ చూస్తుంటారు. ఇంజినంటే నాకు ఎంత ప్రేమో, దిగగానే హుడ్ ఎత్తి కాసేపు చూసుకోకుండా లోపలికి రానని చెప్పుకుంటున్నారు. వాళ్ళని అలాగే అనుకోనిచ్చాను.