గంట కొడితే పక్కకి తప్పుకున్న ఎమ్మెల్యే

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. పొలిటికల్ సైన్స్‌లో ఎం.ఏ. అప్పుడే పూర్తయింది. కాలేజీ డిబేట్లలో గెలిచిన కప్పులు సెక్టర్ ఆరులోని మా క్వార్టర్ అల్మారా చాలక వంటింట్లోకి పాకాయి. ఒకదాంట్లో అమ్మ చింతపండు వేసుకునేది. (ఖాళీ కప్పు కంటే చింతపండు కప్పు మేలని ఆవిడ వాదన. ఆ ఒక్క డిబేట్లో మాత్రం నేను నెగ్గలేదు.) దేశంలో చట్టసభలు సరిగ్గా నడవకపోవడానికి కారణం నన్నెవరూ సలహా అడగకపోవడమేనని గట్టిగా నమ్మేదాన్ని. ఆ వయసులో ఆ మాత్రం నమ్మకం లేకపోతే ఇంకే వయసులో ఉంటుంది? సరిగ్గా అప్పుడే మా బాబాయి ఎమ్మెల్యే అయ్యాడు.

బాబాయి అంటే సొంత బాబాయి కాదు. నాన్నతో పాటు శ్రీకాకుళం నుంచి ఛత్తీస్‌గఢ్ వచ్చి ఉక్కు ప్లాంట్‌లో చేరి, ఫోర్‌మన్‌గా రిటైరై, మా ఊళ్ళోనే రుఆబాంధాలో స్థిరపడ్డ మనిషి. ఎవరింట్లో పెళ్ళయినా చావైనా ముందుగా కనిపించే చెప్పులు ఆయనవే. అందుకే తెలుగువాళ్ళూ ఛత్తీస్‌గఢీ వాళ్ళూ కలిసి ఆయన్ని ఎన్నికల్లోకి తోశారు. ఆయన ఇంటింటికీ తిరిగి దండం పెట్టాడు, మైకు పని కుర్రాళ్ళు చూసుకున్నారు. గెలిచాక బయటపడింది, మైకు చూస్తే బాబాయికి నోరు పెగలదని. వరసగా రెండు అసెంబ్లీ సమావేశాలకి రాయపూర్ వెళ్ళి, బుద్ధిగా కూర్చుని, అందరికంటే ముందు టీ తాగి తిరిగొచ్చాడు. ఇంతలో ఆరోగ్య శాఖ పద్దు మీద చర్చ వచ్చింది. ఓటు అడిగేటప్పుడు బాబాయి ఒక్కటే మాటిచ్చాడు. ఊరి చివర కోహ్కా అవతల బస్తీలో ఉన్న ఆరోగ్య కేంద్రానికి మధ్యాహ్నం భోజనాల వేళకే తాళం పడిపోతుంది, దాన్ని సాయంత్రం కూడా తెరిపిస్తానని. మంత్రి సభలో నిలబడి 'సరే' అంటే అది రికార్డుకెక్కుతుంది, ఇక వెనక్కి పోవడానికి వీల్లేదు. ఆ 'సరే' రాబట్టడానికి బాబాయికి దొరికింది ఐదే నిమిషాలు.

ఉపన్యాసం రాసే బాధ్యత నా మీద పడింది. పడింది అంటున్నాను గానీ, నేనే వెళ్ళి దాని కింద నిలబడ్డాను. స్వచ్ఛమైన హిందీలో, ఒక సంస్కృత శ్లోకంతో మొదలుపెట్టి, నడుమ నేనే అల్లిన రెండు షాయరీలు దూర్చి, చివర్లో ప్రజాస్వామ్యానికి నిర్వచనం చెప్పాను. ఆరోగ్య కేంద్రం సంగతి మూడో పేజీలో వస్తుంది. అది చదివి బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నేను చలించిపోయాడనుకున్నాను.

"చాలా పెద్దగా ఉన్నాదమ్మా బుజ్జీ," అన్నాడు. "ఇందులో మన డాక్టరు ఎక్కడున్నాడు?"

"ఉన్నాడు బాబాయ్, నువ్వు చదువుతూ పోతే తగుల్తాడు," అన్నాను.

రిహార్సల్ వాళ్ళింట్లోనే. భోజనాల బల్ల సభ, గరిట మైకు, పిన్ని అధ్యక్షురాలు. సభలో టైం అయిపోతే అధ్యక్షులవారు గంట కొడతారు కాబట్టి పిన్ని చేతికి పూజ గంట ఇచ్చాం. బాబాయి శ్లోకం దాటాడు, మొదటి షాయరీ దాటాడు, మూడో పేజీ పట్టుకున్నాడు. పిన్ని గంట కొట్టింది. బాబాయి సగం మాటలో ఆగిపోయి, రెండంగలు ఎడమ పక్కకి వేసి, తల పైకెత్తి సీలింగు చూశాడు. అంతటితో ఆగితే బాగుండేది. అధ్యక్షురాల్ని కూడా జబ్బ పట్టి పక్కకి లాగేశాడు.

"ఏటైనాది బాబాయ్?"

"ఏటీ లేదమ్మా. గంట కదా." సిగ్గుపడుతూ గరిట సర్దుకున్నాడు. "క్రేన్ కింద బతికినోణ్ణి. ప్లాంట్‌లో మా షెడ్డుని షాపంటాం, ఆ షాపులో గంట మోగిందంటే నెత్తి మీంచి లోడు ఎల్తన్నాదన్నమాట. ముందు తప్పుకోవాల, పక్కోణ్ణి తప్పించాల, ఆనక ఏటని అడగాల. అలవాటైపోనాది."

"గుడికెళ్తే కూడా ఇదే తంతు," అంది పిన్ని జబ్బ రుద్దుకుంటూ. "హారతి టైముకి ఈయన ధ్వజస్తంభం దగ్గరుంటారు. నాకూ అలవాటైపోనాదిలే."

అలవాటుదేముంది, మాన్పించేస్తానన్నాను. చెప్పాను కదా, నాకు తెలియని విషయం లేదు. మర్నాటి నుంచి వైద్యం మొదలైంది. నేల మీద సుద్దముక్కతో గిరి గీసి, దాటకూడదన్నాను. గంట మోగగానే గిరి అక్కడుండేది, బాబాయి ఇక్కడుండేవాడు. బల్ల అంచు గట్టిగా పట్టుకోమన్నాను. బల్లతో సహా జరిగాడు. భోజనం చేస్తుండగా చెప్పకుండా గంట కొట్టాను. కంచం ఎత్తుకుని వంటింటి గుమ్మంలోకి పోయి, అక్కడే నిలబడి పప్పన్నం పూర్తి చేశాడు. కుర్చీకి కట్టేద్దామని పిన్ని సూచన. కట్టేసిన ఎమ్మెల్యేకి సభా మర్యాద ఉండదని నేను తోసిపుచ్చాను. రోజూ సాయంత్రం మోగుతున్న గంట విని, ఎమ్మెల్యేగారింట్లో ఏదో దీక్ష పట్టారని వీధిలో పుకారు లేచింది. పిల్లాజెల్లాతో జనం ప్రసాదానికి రావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్ళని ఉత్త చేతుల్తో పంపలేక పిన్ని రోజూ శనగలు నానబోసింది. (ఆరోగ్య సేవల మీద ప్రసంగానికి అన్ని శనగలు ఖర్చయిన నియోజకవర్గం మరొకటి ఉండదు.) చివరికి నా వైద్యం ఫలించింది. పిన్ని ఆయన చెవి దగ్గరే గంట మోగించినా బాబాయి కదల్లేదు, కళ్ళు మాత్రం గట్టిగా మూసుకునేవాడు. నా అంతటిదాన్ని నేనే అనుకున్నాను.

చర్చ రోజున పిన్నీ నేనూ రాయపూర్‌లో సందర్శకుల గ్యాలరీలో కూర్చున్నాం. ఇక్కడ సెక్టర్ ఆరులో మా అమ్మ, ఫోన్‌లో లైవ్ పెట్టి చుట్టుపక్కల దీదీలందర్నీ పోగేసింది. బాబాయి లేచాడు. శ్లోకం చక్కగా వచ్చింది. మొదటి షాయరీకి ఎవరో 'వాహ్' అన్నారు, నేను పిన్ని చేయి గిల్లాను. రెండో షాయరీ దగ్గర ఆరోగ్య మంత్రిగారు ఆవులించి, పక్కనున్న అధికారితో ఏదో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. బాబాయి మూడో పేజీ తిప్పుతుండగా టైం అయిపోయింది. అధ్యక్షులవారు గంట కొట్టారు.

ఇక్కడ నా చదువుకి అందని విషయం ఒకటుంది. మేం బాబాయికి మాన్పించింది పూజ గంట. సభలో ఉన్నది కరెంటు గంట. సాక్షాత్తూ క్రేన్ గంటకి తోడబుట్టినట్టు మోగింది. బాబాయి చేతిలో కాగితాలు వదిలేసి రెండంగలు ఎడమకి దూకి, అక్కడ కునుకు తీస్తున్న పెద్దాయన్ని, అదీ అవతలి పార్టీ ఆయన్ని, రెక్క పట్టుకుని లేపి పక్కకి లాగి, తలెత్తి సభ కప్పు వంక చూశాడు. ఆ చూపు చూసి సగం సభ తనూ పైకి చూసింది. తర్వాత పుట్టిన నవ్వుకి గ్యాలరీ ఊగింది. మంత్రిగారికైతే కళ్ళలో నీళ్ళొచ్చాయి. నేను తల దించుకున్నాను. నా ఉపన్యాసం ఆ పెద్దాయన కాళ్ళ కింద ఉంది. ఇక డాక్టరూ రాడు, బస్తీలో బాబాయి మొహమూ ఎత్తుకోలేడు, అంతా నావల్లే అనిపించింది.

"మాననీయ సదస్య్‌జీ, కహాఁ చలే?" అని నవ్వాపుకుంటూ అడిగారు అధ్యక్షులవారు.

ఎక్కడికి పోతున్నావంటే బాబాయి నిజమే చెప్పాడు, ప్లాంట్‌లో మాట్లాడే హిందీలోనే. చేతిలో కాగితం లేదు, మైకు కూడా రెండు సీట్ల అవతల ఉండిపోయింది. భయం వేయడానికి ఎదురుగా ఏమీ లేదు. గొంతు మాత్రం షాపు ఈ చివర నుంచి ఆ చివరికి వినిపించే ఫోర్‌మన్ గొంతు. ఆయన అన్నది నాకిప్పటికీ కంఠతా వచ్చు.

"క్షమించాల సాబ్. మా ప్లాంట్‌లో గంట కొడితే నెత్తి మీద లోడు ఉందని అర్థం. కిందున్నోడు తప్పుకుంటాడు, బతుకుతాడు. మా బస్తీలో ఆడకూతుళ్ళు రోజూ సాయంత్రం లోడు కిందే నిలబడతన్నారు. జ్వరానికి షిఫ్టు లేదు సాబ్, పురిటి నొప్పికి షిఫ్టు లేదు. గంట కొట్టేవాడు లేడు, తప్పుకుందామంటే చోటు లేదు. ప్లాంట్‌లో వెనక షిఫ్టోడు వచ్చేదాకా ముందు షిఫ్టోడు ఇంటికెళ్ళడు, పని చేతికి చేయి అప్పగించి ఎళ్తాడు. మధ్యాహ్నం మా డాక్టరుగారు బస్తీని ఎవరికి అప్పగించి ఎళ్తన్నారు? తాళానికి. అంతే సాబ్, నాకింకేటీ లేదు."

నవ్వు ఎప్పుడు ఆగిందో నాకు తెలియలేదు. రెక్క నలిగిన పెద్దాయన ముందుగా బల్ల చరిచాడు. మంత్రిగారు కళ్ళు తుడుచుకుని, లేచి నిలబడి, ఆ కేంద్రం సాయంత్రం కూడా తెరిచి ఉంటుందని సభకి మాటిచ్చారు. పక్కన పిన్ని కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "ఆ మూడు కాయితాలూ రాయడానికి ఎంత కష్టపడ్డావో," అంది నా వీపు నిమురుతూ. ఓదార్చిందో, వెక్కిరించిందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

చర్చల్లో బాబాయి ఆ తర్వాత కూడా చాలాసార్లు మాట్లాడాడు. తాగునీళ్ళు, అంబులెన్సు, వీధి లైట్లు, దేని మీదైనా రెండు నిమిషాలు, కాగితం లేకుండా. గంట కొట్టేముందు అధ్యక్షులవారు ఆయన వైపు చూసి చెయ్యెత్తి హెచ్చరించేవారని చెప్పుకునేవారు. ఉపన్యాసం ఎవరు రాశారని అడిగిన ప్రతివాడికీ 'మా బుజ్జి ట్రైనింగు' అని చెప్పేవాడు. నేను కాదనలేదు, గంట వరకూ నాదేగా. మరుసటి ఎన్నికల్లో ఓడిపోయాడు. పలకరిద్దామని వెళ్తే వరండాలో శనగలు తింటున్నాడు. "గంట కొట్టీసినారమ్మా, తప్పుకున్నాను," అన్నాడు హాయిగా. బాధ నాకే ఎక్కువైంది.

ఇప్పుడు నేను కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. నాకు తెలియని విషయాలు ఏటేటా పెరుగుతున్నాయి. మొన్న వానల్లో కోహ్కాలో చుట్టాలింట్లో ఉండగా, సాయంత్రం నా కూతురికి జ్వరం కాసింది. దగ్గరలో తెరిచి ఉన్నది ఆ బస్తీ ఆరోగ్య కేంద్రమే. పిల్లని భుజాన వేసుకుని వరసలో నిలబడ్డాను. మా వంతు రాగానే లోపలి నుంచి డాక్టరమ్మ కరెంటు గంట నొక్కింది. నేను రెండంగలు ఎడమకి వేసి, వెనకున్న ముసలమ్మని రెక్క పట్టి లాగి, పైకి చూశాను.

"దీదీ, ఉధర్ కహాఁ? ఆప్ హీ కా నంబర్ హై," అన్నాడు తలుపు దగ్గరి అబ్బాయి, వంతు మాదేనని లోపలికి చెయ్యి చూపిస్తూ.

పైన లోడేమీ లేదు. ట్యూబులైటు వెలుగుతోంది.