నల్లరాయి పాఠం

మొన్న సూర్యాపేట నుంచి తుంగతుర్తికి బస్సులో వెళ్తుంటే, రోడ్డు వెడల్పు కోసం కోసిన గుట్టలో, బూడిదరంగు రాయి మధ్య నిలువునా దిగిన నల్లటి పట్టీ కనిపించింది. పక్క సీట్ల వాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు, నాకు మాత్రం ఎప్పుడో పోయిన పెద్దనాన్న మీద మళ్లీ ఒళ్లు మండింది.

మా తరం వాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో బావిలో నీళ్లున్న మనిషిదే మాట. పంపకాల్లో పెద్దనాన్న గుట్టను ఆనుకున్న ఎగువ చెలక తాను ఉంచుకుని దిగువది మా నాన్నకిచ్చాడు, ఎగువనే ఉన్న ఒక రాళ్ల మూల దున్నడానికి పనికిరాదని దయతలచినట్టు దాన్నీ మాకే వదిలాడు. ఆయన బావి ఎండాకాలంలోనూ నిండుగా ఉండేది; మా నాన్న మాత్రం ఏటా తవ్వి తవ్వి, నడుము పోగొట్టుకుని, నీటి తడి చూడకుండానే పోయాడు. ఏడాదైనా తిరక్కుండా నేను కాలేజీలో భూగర్భశాస్త్రం తీసుకుంటే, పెద్దనాన్న పదిమందిలో నవ్వాడు.

"రాళ్ల సదువు సదివి ఏం జేస్తవ్ బిడ్డా? మీ నాయిన బాయిల ఉన్నయి గవే గద."

ఆ మాట నేను మరిచిపోలేదు, మరవాలనీ అనుకోలేదు.

సూర్యాపేటలో లెక్చరరుగా కుదిరాక, రెండు పొలాలను విడదీసే నల్లరాతి వరుసకు ఎగువన, ఆ పనికిరాని మూలలోనే బోరు వేయించాను. నీళ్లు ఎగజిమ్మాయి. కొన్నాళ్లకు పెద్దనాన్న బావి అడుగంటి, బత్తాయి తోట వాడిపోతుంటే ఆయనే నా దగ్గరికి వచ్చాడు. ఎండలో ఆ నల్లరాయి మీదే కూర్చోబెట్టి, నా విద్యార్థులకు చెప్పినంత శ్రద్ధగా పాఠం చెప్పాను: మైళ్ల లోతున రాయి కరిగితే, చుట్టూ ఉన్నదానికంటే తేలిక కనుక పగుళ్లు వెతుక్కుంటూ పైకొస్తుందని, పైరాయి దారి ఇవ్వని చోట ఆగి, కింది నుంచి వచ్చేదంతా అక్కడే పోగై, బయటపడకుండానే లక్షల ఏళ్లు చల్లారి మన గుట్టలయిందని, ఆ తర్వాత ఇంకా లోతు నుంచి వచ్చిన నల్లటి ద్రవం ఆ గుట్టల పగుళ్లలో గోడలా గడ్డకట్టిందని.

"గా గోడనే గుట్ట నీళ్లను నీ దిక్కు ఆపింది, పెద్దనాయినా. మా నాయిన చేతగాక కాదు."

ఆయన అంతా విని, జర నీళ్లియ్యి బిడ్డా అన్నాడు. ఇవ్వలేదు. ఆ తోట చివరి చెట్టు దాకా ఎండిపోయింది, నాకు హాయిగా నిద్ర పట్టింది.

ఇప్పుడు మా ఊరికి కాలువ వచ్చింది, నల్లరాయికి రెండు వైపులా వరి పండుతోంది, ఎవరి చేను ఎగువో ఎవరిది దిగువో పిల్లలకు తెలియదు. పెద్దనాన్న మనవడు మంచివాడు, ఎదురైతే అత్తమ్మా అని పలకరించి మా మడికీ నీళ్లు మళ్లిస్తాడు. నాన్న తవ్విన బావిని కౌలుదారు నన్నడిగే పూడ్చి నాటు వేశాడు. ఈ కోపం కూడా చల్లారిపోతే, అక్కడ ఒక మనిషి నీళ్ల కోసం తవ్వాడని గుర్తుపెట్టుకునేది ఎవరు?