ఎడమ ముక్కు ఆడేదాకా

నిన్న మధ్యాహ్నం డాలస్ దగ్గర కాపెల్ నుంచి మా అమ్మాయి వాళ్ళాయన ముక్కు స్కాన్ నా ఫోన్‌కి పంపి, "అమ్మా, మధ్యలో గోడ ఎంత వంకరో చూడు, సర్జరీ బుక్ చేశాం" అంది. కళ్ళజోడు వెతుక్కుని చూశాను. అల్లుడి మీద జాలిపడాల్సింది పోయి, మా అన్నయ్య గుర్తొచ్చి కుర్చీలో కూలబడ్డాను. ఈ వయసులో ఒక ముక్కును తలుచుకుని నీరసపడటమేమిటో నాకే తెలియదు.

ఎనభైల మొదట్లో శాంటా క్లారాలో మా రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో అన్నయ్య మాతోనే ఉండేవాడు. ఆఫీసు నుంచి రాగానే నోరు తెరుచుకుని సోఫాలో వాలిపోయేవాడు. పొద్దున లేచేసరికే అలసిపోయి ఉండేవాడు. ఎడమ ముక్కులో గాలి ఆడదు. మా ఆయన పుప్పొడి పడలేదన్నారు, నేను చలి అన్నాను. స్ప్రేలు కొట్టాం, పసుపు వేసి ఆవిరి పట్టాం, కార్పెట్ కూడా కడిగించాం. అసలు చిక్కు వేరే ఉంది. మా తాతయ్యకు స్వరం, అంటే ఏ ముక్కులో గాలి ఆడుతోందో, చూసే అలవాటుండేది. తిండికీ, తగువుకీ, పరీక్షకీ కుడి ముక్కు ఆడాలి. పెళ్ళీ ఇల్లూ లాంటి, పది కాలాలు నిలవాల్సిన పనులకు ఎడమ ముక్కు ఆడాలి. ముక్కు కింద వేలు పెట్టి చూసుకోనిదే ఆయన గడప దాటేవాడు కాదు. ఆ విద్య అన్నయ్యకు అబ్బింది. బుద్ధెరిగాక ఎడమ ముక్కు ఆడని మనిషి, నిలవాల్సిన పని ఏదీ మొదలుపెట్టకుండా ముప్పై నాలుగేళ్ళు నెట్టుకొచ్చాడు. "నీ ఎడమ ముక్కుకి ఇంకా వీసా రాలేదురా అన్నయ్యా" అని వేళాకోళం చేసేదాన్ని.

మా ఎదురు అపార్ట్‌మెంట్‌లో వాళ్ళక్క దగ్గర ఉంటూ ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి అన్నయ్యను ఇష్టపడింది. అన్నయ్యకూ ఇష్టమే. ఆ ఇంటి నుంచి వచ్చిన కూరగిన్నెను నన్ను ముట్టుకోనివ్వకుండా తనే తోమి ఇచ్చొచ్చేవాడు. అసలు మాట మాత్రం నాచేత పంపేవాడు, "కొంచెం ఆగమను చెల్లీ" అని. ఏడాది పాటు ఆ మాట మోసి మోసి విసుగెత్తి, ఒక రోజు కారెక్కించి ముక్కు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను.

ఆ పెద్దాయన కాగితం మీద రెండు సందులూ, మధ్యలో గోడా గీశాడు. అదే ముక్కు దూలం. కొంత ఎముక, కొంత మెత్తటి మృదులాస్థి. కాస్తో కూస్తో వంకర అందరికీ ఉంటుందట. అన్నయ్యది ఎడమవైపు ఒరిగి దారి మూసేసింది. కొన్ని గంటలకోసారి గాలి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మారడం మామూలేననీ, ఇతనికి మారడానికి చోటే లేదనీ చెప్పాడు. స్ప్రేలు వాపు తగ్గిస్తాయి తప్ప గోడను సరిచేయలేవు. ముక్కు లోపల్నుంచే కోసి వంకర తీయాలి, బయట గాటు కూడా కనపడదు. అన్నయ్య ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

గురువారం ఆపరేషన్ అనగా సోమవారం ఆ అమ్మాయి మా తలుపు కొట్టింది. "అక్కా, టెక్సాస్ సంబంధం వాళ్ళు ఆదివారంలోపు ఆన్సర్ అడుగుతున్నారు. మీ అన్నయ్యగారిని ఏదో ఒకటి చెప్పమనండి. నో అన్నా పర్లేదు, వెయిట్ చేసి చేసి టైర్డ్ అయిపోయాను." చెప్తానన్నాను. చెప్పలేదు. ఇప్పుడడిగితే మళ్ళీ ఆగమంటాడు, ఆపరేషన్‌లో ముక్కులో పెట్టే గాజుగుడ్డ శనివారం తీసేస్తారు, ఎడమ ముక్కు ఆడగానే తనే వెళ్ళి అడుగుతాడు అనుకున్నాను. శనివారం గుడ్డ తీశారు కానీ లోపలంతా వాపు. ఇంకో పది రోజులు పడుతుందన్నారు. ఆదివారం సాయంత్రం ఆమె మళ్ళీ వచ్చి, "ఏమన్నారక్కా?" అంది. అన్నయ్య లోపలి గదిలో మెలకువగానే ఉన్నాడు. "ఇంకా ఏమీ అనలేదమ్మా" అన్నాను. ఆమె తలూపి వెళ్ళిపోయింది. ఆ పూటే టెక్సాస్‌కి ఫోన్ చేసి ఒప్పేసుకున్నామని మర్నాడు వాళ్ళక్క చెప్పింది.

పది పన్నెండు రోజులు పోయాక ఒక పొద్దున్న అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, నోరు మూసుకుని హాయిగా ఊపిరి తీస్తూ గదిలోంచి వచ్చాడు. ఎదురింటికి వెళ్ళొస్తానన్నాడు.

"ఎడమ ముక్కు ఆడుతోందా?" అన్నాను, ఇంకేమనాలో తెలియక.

"చూడలేదు చెల్లీ. డాక్టర్ బొమ్మ గీసిన రోజే ఆ పిచ్చి వదిలేశాను. నోరు తెరుచుకుని రొప్పే ఆ మొహం వేసుకుని ఏం వెళ్తాంలే అని ఆగాను, అంతే."

అప్పుడు చెప్పాను, మొత్తం. చెప్పులు విడిచి సోఫాలో కూర్చున్నాడు. ఏడుపుకి ముక్కు మళ్ళీ మూసుకుపోయింది. చీదకూడదని డాక్టరు ఆర్డరు. ఎప్పటిలాగే నోటితో ఊపిరి తీస్తూ ఉండిపోయాడు. నన్ను తిట్టినా బాగుండేది.

నమ్మినవాడు మానేశాడు, వేళాకోళం చేసిన నేనే ఆ ఎడమ ముక్కు కోసం కాచుక్కూర్చున్నాను. నలభై ఏళ్ళు దాటాయి, ఆ ఆదివారం సాయంత్రం నాకింకా గడవలేదు.