డిక్షనరీకి పాఠాలు చెప్పిన సువర్ణ

సువర్ణ పటాన్‌చెరులో ఓ మందుల కంపెనీ టైపిస్టు. ప్యాకింగ్ నుంచి ఆఫీసుకు వచ్చిన మనిషి. తప్పు దొరికితే మళ్లీ ప్యాకింగ్‌కే పంపుతానని మేనేజర్ మురళీమోహన్ అంటుండేవాడు.

అక్కడి కాగితాల నిండా రసాయనాల పేర్లే. కంప్యూటర్‌కు అవి తెలియక ప్రతిదాని కిందా ఎర్రగీత గీసేది. విసుగొచ్చి అందరూ స్పెల్ చెక్ ఆపేశారు. సువర్ణ మాత్రం రోజూ అన్నం తిన్నాక ల్యాబ్‌కు వెళ్లి, సీసాల మీద పేర్లు చూసి రాసుకొచ్చి, ఒక్కొక్కటే కంప్యూటర్ డిక్షనరీలో చేర్చేది.

"ఏందక్కా, కంప్యూటర్‌కు అఆలు నేర్పుతున్నవా?" అని ల్యాబ్‌లో శివకుమార్ ఏడిపించేవాడు.

"నీకన్న జల్దీనే నేర్సుకుంటది తియ్!"

ఆరు నెలలకు తనిఖీ వచ్చిపడింది. ఒక్కొక్కరూ రెండు వందల పేజీలు సాయంత్రంలోగా సరిచూడాలి. మిగతావాళ్లు స్పెల్ చెక్ మళ్లీ పెట్టేసరికి వాళ్ల తెరలు ఎర్రబారిపోయాయి. సువర్ణ తెరమీద ఏడే గీతలు. ఏడూ నిజమైన తప్పులే. వాటిని దిద్ది, స్పెల్ చెక్‌కు అందని అంకెలన్నీ తీరిగ్గా చదువుకుంది.

తనిఖీలో ఆమె పేజీల్లో ఒక్క తప్పూ దొరకలేదు.

"నీ డిక్షనరీ అందరి కంప్యూటర్లలో వేసెయ్యమ్మా," అన్నాడు మురళీమోహన్.

"ఏస్త సార్. ఇగ ప్యాకింగ్ మాట ఎత్తొద్దు మరి!"

ఆయన నవ్వి, ఆమె ఉద్యోగం ఆఫీసులోనే ఖాయమని కాగితం రాసిచ్చాడు.