వంపు ఉలులకు మోటారు సాన

మొన్న ఏలూరులో చెప్పు కుట్టించుకుంటుంటే తోలుకి పట్టించిన కొబ్బరినూనె వాసన వచ్చింది. చిన్ననాటి వాసన తగిలితే కళ్లు చెమరుస్తాయంటారు గానీ, నాకు మాత్రం ఒళ్లు మండింది.

మా నాన్న తాడేపల్లిగూడెంలో సింహద్వారాల మీద పువ్వులు చెక్కేవారు. రెండువేల సంవత్సరం దాటిన ఆ కొత్తల్లో చేపల చెరువుల ఆసాములు మేడలు కట్టుకుంటూ నాన్న కోసం వచ్చేవారు. వానాకాలపు ఆదివారాల్లో వంటింట్లో కొల్లేటి కొరమీను పులుసు మరుగుతుంటే, ఆయన వసారాలో తాతగారి నాటి ఏడు వంపు ఉలులూ పరుచుకుని, వెలుపలి వంపుని తడి సానరాయి మీద మణికట్టు తిప్పుతూ దొర్లించి, లోపలి వంపుకి సన్నటి కర్రకి చుట్టిన గరుకు కాగితం ఆడించి, చివరికి నూనె పట్టిన తోలు పట్టీ మీద వెనక్కి లాగి లాగి, ముంజేతి వెంట్రుక తెగితే గానీ భోజనానికి లేచేవారు కాదు. పులుసు చల్లారిపోయిందని అమ్మ సణిగేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు కలిదిండి ఆసామి ఒకాయన గృహప్రవేశం దగ్గరపడిందని తొందరపెట్టారు. నాన్న కలప చూడ్డానికి పెంటపాడు వెళ్లిన పూట, మా పెదనాన్న సాయం చేద్దామని ఉలులన్నీ సంచిలో వేసుకుని మోటారు సానకి బయల్దేరారు.

“అలా పట్టిస్తే వంపు పోద్ది పెదనాన్నా, ఉక్కు కాలిపోద్ది. నాన్న వచ్చేదాకా ఆగండి,” అని గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

“గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించిందంట. తప్పుకోవే,” అని నవ్వుతూ వెళ్లిపోయారు.

గంటలో తెచ్చారు. అంచులు తిన్నగా తళతళలాడుతున్నాయి, కొసన నీలం తిరిగింది. నాన్న వచ్చి ఒక్కొక్కటీ టేకు మీద ఆనించి చూస్తే అంచు మడత పడింది. రెండు తరాలు అరగదీసిన ఆ ఉలుల్లో మళ్లీ వంపు తీసేంత ఉక్కు మిగల్లేదు.

“పోనీలెండన్నయ్యా, మంచికే చేశారు కదా,” అన్నారు నాన్న. తర్వాత నా వైపు తిరిగి, “పెద్దాయనకి ఎదురు చెప్పావంట. తప్పయిపోయిందని చెప్పమ్మా,” అన్నారు.

చెప్పాను. పాడుచేసినాయనకి అమ్మ కాఫీ ఇచ్చింది. ఇదేం మర్యాద?

కొత్త ఉలులు నాన్న చేతికి అలవాటు కాలేదు. రెండేళ్లు తిరక్కుండా తలుపులకి పాలిష్ కొట్టే పనిలో చేరారు. ఇప్పుడు గూడెంలో పువ్వుల్ని మిషను కోస్తోంది, తోలు పట్టీ ఎందుకో మా వీధిలో పిల్లలకి తెలియదు.

నిరుడు ఒక పెళ్లి భోజనాల్లో పెదనాన్న, “చిన్నప్పుడు దీనికి భలే నోరుండేదండీ, ఒకసారి నాకు తప్పు కూడా చెప్పుకుంది,” అని అందరినీ నవ్వించారు.

“ఆ రోజు తప్పయిపోయిందన్న మాట వెనక్కి తీసుకుంటున్నానండీ, పెదనాన్నా. తప్పు మీది,” అన్నాను.

నాన్న తల దించుకుని పెరుగన్నం కలుపుతూనే ఉన్నారు. ఈసారి నన్ను తప్పు చెప్పమని మాత్రం అనలేదు.