పలకల గుంట చేపలు

ఆ చలికాలం మార్కాపురంలో ఉన్నన్నాళ్లూ గాలం సంచి భుజాన వేసుకుని నీళ్లకోసం తిరిగాను. ఎవరు ఏ వాగు పేరు చెప్తే అక్కడికి పోవడం, ఇసుక చూసి వెనక్కి రావడం. ఆ రోజు కూడా అట్లాగే విసిగిపోయి బేస్తవారిపేటలో బస్సెక్కాను.

పక్క సీట్లో ఒక పెద్దావిడ, ఒళ్లో బొరుగుల పొట్లం. గాలం కర్ర చూసి అడిగింది.

"చేపలు పట్టి ఏం చేస్తావు నాయనా?"

"మళ్లీ నీళ్లలోకే వదిలేస్తాను పెద్దమ్మా."

"ఆ మాత్రానికి దాని నోరు చించేదెందుకు?"

ఆ గొంతులో కోపం లేదు. ఆమె కూడా అలసిపోయే ఉంది. ఒళ్లో పొట్లం సర్దుకుని తనే చెప్పింది.

"మా ఊరి పక్కన పలకరాయి తీసి వదిలేసిన గుంటలో నీళ్లుండాయి. మా ఆయన చేపపిల్లల్ని తెచ్చి వదిలినాడు. రోజూ బొరుగులేసేవాడు. ఆయన పోయినాక నేనేస్తా వచ్చినా. ఇప్పుడీ మోకాళ్లతో గుంటలోకి దిగలేను. అయినా సంతకు పోతే కొనకుండా రాలేను."

ఆమె ఊరు రాగానే ఇద్దరం దిగాం. దారి చూపించి, పొట్లం నా చేతిలో పెట్టింది.

"ముందు ఇవెయ్యి. తర్వాత నీ ఇష్టం."

గుంటలోకి దిగుతుంటే కాళ్లకింద పలకముక్కలు గలగలలాడాయి. పొట్లం ఇంకా విప్పనే లేదు. ఆ చప్పుడుకే చేపలన్నీ ఒడ్డుకు వచ్చేశాయి.

గాలం సంచిని వాటికి కనపడకుండా ఒక బండ చాటున పెట్టాను.